పాలపళ్ళే కదా, ఊడిపోతాయి అంటారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఐదేళ్ళలోపు పిల్లల పళ్ళ గురించే. హనుమకొండలో నా పళ్ళ క్లినిక్‌కు వచ్చేవాళ్ళూ ఇవే అడుగుతారు. కాకపోతే అక్కడ పిల్లల ఏడుపులో నేను చెప్పేది సగం వాళ్ళకు వినపడదు, వాళ్ళు చెప్పేది సగం నాకు వినపడదు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మా, మాది పరకాల దగ్గర పల్లె. నా మనుమనికి నాలుగేండ్లు. మీది నాలుగు ముందు పండ్లు పుచ్చి నల్లగ మొండెలైనయి. కింది పండ్లు మాత్రం ముత్యాల లెక్క ఉన్నయి. మొన్న మేడారం జాతరల వాని ఎత్తు బంగారం (బెల్లం) జోకిచ్చినం. తెచ్చుకున్న ప్రసాదం వాడు అడిగినప్పుడల్ల ఇంత చేతిల పెట్టిన. గా బెల్లంతోనే పండ్లు పోయినయని నా కోడలు అంటున్నది. మా కాలంల మేం బెల్లం తినలేదా? మా పండ్లు గిట్లనే పోయినయా? – ఒక నానమ్మ

జవాబు: పెద్దమ్మా, ఇంటి పంచాయితీ నా ముందు పెట్టారు కాబట్టి తీర్పు చెప్పక తప్పదు. సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. పై నాలుగూ పోయాయి, కిందివి ముత్యాల్లా ఉన్నాయి అన్నారు. ఆ వరస వినగానే పళ్ళ డాక్టర్లకు ముందు గుర్తొచ్చేది బెల్లం కాదు, రాత్రి పాలసీసా.

బిడ్డ సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పాలు పై పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. కింది పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది, ఉమ్మి ఊరే చోటు కూడా నాలుక కిందే ఉంది, కాబట్టి అవి బతికిపోతాయి. పగలైతే నోట్లో మిగిలిన తీపిని ఉమ్మి కడిగేస్తుంది. నిద్రలో ఉమ్మి బాగా తగ్గిపోతుంది. అప్పుడు నోట్లో ఉండే సూక్ష్మజీవులు తీరిగ్గా ఆ తీపిని తిని ఆమ్లం తయారుచేస్తాయి, అది పన్ను పైనున్న పింగాణీ పొరను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. పై ముందు పళ్ళు ఏడాది నిండే సరికే వస్తాయి. అంటే మీ మనవడి నోట్లో ఎక్కువ కాలం ఈ దెబ్బ తిన్నవి అవే. అవి మొండెలయ్యేదాకా రావాలంటే నెలలకు నెలలు పడుతుంది. మొన్నటి జాతర బెల్లం నాలుగు రోజుల్లో చేసే పని కాదది. వాడికి రెండేళ్ళు రాకముందే చిగురు అంచున తెల్లటి గీత పడి ఉంటుంది, ఎవరూ చూసి ఉండరు.

అట్లాగని తప్పు కోడలి మీదికి తోయకండి. ఆ గీత నేనూ చూడలేదు, నా సొంత కొడుకు పళ్ళ మీద. వాడు చిన్నప్పుడు జమ్మికుంటలో మా అమ్మ దగ్గర ఉండేవాడు. నేను పగలంతా క్లినిక్‌లో కూర్చుని పాలసీసా మాన్పించమని అందరి తల్లులకూ చెప్పేదాన్ని. అక్కడ మా అమ్మ పాలల్లో చెంచా చక్కెర కలిపి, సీసా నోట్లో పెట్టి, వీపు నిమిరి పడుకోబెట్టేది. అడిగితే "పొట్టకు తాగితేనే కదా నిద్రపోయేది" అనేది. ఒక ఆదివారం డాబా మీద ఎండలో వాడు పతంగి చూసి పెద్దగా నవ్వాడు. పై రెండు పళ్ళకూ చిగురు పక్కన సున్నం పూసినట్టు తెల్లగా, మెరుపు లేకుండా కనిపించింది. వాడికప్పుడు ఏడాదిన్నర. గదిలో లైటు కింద అన్ని రోజులూ నాకు కనపడనే లేదు. ఆ రోజు మా అమ్మ మీద అరిచాను, తర్వాత సిగ్గేసింది. సీసా నేనే కొన్నాను కదా.

తెల్ల గీత దగ్గరే పట్టుకుంటే మందు పూతతో, బ్రషింగ్‌తో పన్ను మళ్ళీ గట్టిపడుతుంది. నా కొడుక్కి అట్లానే ఆగింది. సీసా మాన్పించడానికి మేం చేసింది చెబుతాను. మొదట చక్కెర మానేశాం. తర్వాత పాలల్లో రోజుకు కొంచెం నీళ్ళు ఎక్కువ చేస్తూ పోయాం. చివరికి సీసాలో మిగిలింది ఉత్త నీళ్ళే. మూడు రాత్రులు గట్టిగా ఏడ్చాడు, తర్వాత వాడే సీసా విసిరేశాడు. పాలు తాగొద్దని కాదు పెద్దమ్మా, పడుకునే ముందు గ్లాసులో తాగించి, పళ్ళు తోమి, ఆ తర్వాత నీళ్ళు తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు.

ఇప్పుడు బెల్లం సంగతి. తల్లి ప్రసాదాన్ని నేనేమీ అనను. కానీ పన్నుకు బెల్లమైనా చక్కెరైనా ఒకటే, పైగా బెల్లం అంటుకుని ఉంటుంది. మీ తప్పు బెల్లం పెట్టడంలో లేదు, "అడిగినప్పుడల్ల" అన్నారు చూడండి, అందులో ఉంది. తీపి తిన్న ప్రతిసారీ దాదాపు అరగంట నోట్లో ఆమ్లం ఉంటుంది, తర్వాత ఉమ్మి దాన్ని సర్దుతుంది. అన్నం తిన్నాక ఒక ముక్క పెట్టి నీళ్ళు తాగిస్తే ఒక్క అరగంటతో పోతుంది. అదే ముక్కను పదిసార్లు గిల్లి పెడితే పది అరగంటలు. మీ కాలంలో బతుకమ్మకు మలీద ముద్దలు, పెండ్లికో పండుగకో ఇంత తీపి. ఇంట్లో రోజూ జొన్నరొట్టె, గుడాలు. ఇప్పుడు పొద్దున చాయ్‌లో బిస్కెట్, పది గంటలకు క్రీమ్ బిస్కెట్, కిరాణా కొట్టుకు పోతే చాక్లెట్, మధ్యాహ్నం జ్యూస్ డబ్బా, సాయంత్రం మాల్ట్ పాలు. ఒక రోజు లెక్కపెట్టి చూడండి. మా పక్కింటి పిల్లాడికి తొమ్మిది వచ్చింది.

మీ మనవడి ముందు పళ్ళు ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఊడతాయి. అప్పటిదాకా నొప్పి, చీము లేకుండా చూడాలి. సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అని ఒక మందుంది. సూది లేదు, మిషన్ లేదు, పుచ్చిన చోట పూస్తే పుచ్చు చాలావరకు ముందుకు పోకుండా ఆగుతుంది. ఆ చోటు నల్లగానే ఉండిపోతుంది, ముందే చెబుతున్నాను. ముఖ్యంగా వాడి దవడ పళ్ళు చూపించండి. అవి ఎందుకు ముఖ్యమో కింది ఉత్తరంలో రాశాను. కోడలిని కూడా వెంట తీసుకురండి, ఇద్దరూ ఒకే మాట వింటే మళ్ళీ పంచాయితీ ఉండదు.

ప్రశ్న: మేడమ్, నేను భూపాలపల్లిలో ఉద్యోగం చేస్తాను. మా పాపకు ఐదేళ్ళు. కింది దవడ పన్ను రాత్రిపూట నొప్పి అని ఏడుస్తోంది. పళ్ళ డాక్టర్ దగ్గరికి పోతే రూట్ కెనాల్ చేసి స్టీల్ క్యాప్ వేయాలన్నారు. ఊడిపోయే పాలపన్నుకు రూట్ కెనాల్ ఏమిటి? డబ్బులు గుంజుతున్నారా? పీకేయమంటే పీకరా? – ఒక తండ్రి

జవాబు: తమ్ముడూ, అనుమానం రావడం సహజం. నేనూ తండ్రినైతే అడిగేదాన్నే. కానీ "ఊడిపోయేదే కదా" అన్న మాట దగ్గరే లెక్క తప్పింది.

పాలపళ్ళు మొత్తం ఇరవై. ముందువి ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఊడతాయి. దవడ పళ్ళు అట్లా కాదు. అవి తొమ్మిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ మధ్య పోతాయి. మీ పాపకు ఐదేళ్ళే. ఆ పన్ను ఇంకా నాలుగు నుంచి ఏడేళ్ళు అన్నం నమలాలి. దాని కిందే అసలు పన్ను తయారవుతోంది. పాలపన్ను దానికి చోటు కాపాడుతూ కూర్చుంది, బస్సు సీట్లో రుమాలు వేసినట్టు. ఆరేళ్ళ ప్రాంతంలో వెనకాల కొత్త దవడ పన్ను వస్తుంది. ముందున్న పన్ను లేకపోతే అది ముందుకు జరిగి ఆ చోటు ఆక్రమిస్తుంది. రుమాలు తీసేస్తే సీటు పోయినట్టే. తర్వాత వచ్చే పన్ను వంకరగా వస్తుంది, లేదా చిగురులోనే ఇరుక్కుంటుంది. పీకాల్సి వస్తే పీకుతాం, అప్పుడు ఆ చోటు నిలపడానికి చిన్న తీగ బిగిస్తాం. ఉత్తగా పీకి వదిలేయమని మాత్రం ఎవరినీ అడగకండి.

ఆ వెనక వచ్చే పన్ను గురించి ఒక మాట. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలా ఇళ్ళలో అదీ పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సింది. ఏడేళ్ళకే దాన్ని పోగొట్టుకుని వచ్చే పిల్లలను చూస్తుంటాను, నాకు ఏడుపొస్తుంది.

ఇక రూట్ కెనాల్ నిజంగా అవసరమా అన్నది. తీపి తిన్నప్పుడో చల్లనిది తాగినప్పుడో ఒక్క క్షణం జివ్వుమంటే సాధారణంగా ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. ఏమీ తినకుండానే రాత్రి నిద్రలోంచి లేచి ఏడుస్తోందంటే లోపలి నరం దాకా పోయిందని అర్థం. రూట్ కెనాల్ అంటే ఆ చెడిన నరాన్ని తీసి లోపల శుభ్రం చేయడమే. మీ పాపకు జరుగుతున్నది రెండోదే. అయినా ఎక్స్‌రే తీశారా అని అడగండి, తీసి ఉంటే నల్లటి మరక ఎక్కడిదాకా పోయిందో చూపించమనండి. చూపించడానికి విసుక్కునే డాక్టర్ అయితే ఇంకొకరి దగ్గరికి పొండి, తప్పేం లేదు. జిల్లా ఆసుపత్రిలో పళ్ళ డాక్టర్‌ను అడగొచ్చు. స్టీల్ క్యాప్ ఎందుకంటే, అంత పుచ్చిన పాలపన్నుకు ఫిల్లింగ్ ఒక్కటే పెడితే గోడలు పగిలిపోతాయి. ఆ పన్ను ఊడినప్పుడు క్యాప్ దాంతోపాటే ఊడుతుంది. వెండిపన్ను అని మురిసిపోయే పిల్లలున్నారు, ఒకతను బడిలో అందరికీ నోరు తెరిచి చూపించొచ్చాడు.

నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోతే సంతోషపడకండి. నరం చచ్చిపోయినా నొప్పి ఆగుతుంది, చీము మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. చెంప వాచినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించాలి. వాపు కంటి కిందికి గానీ గొంతు వైపు గానీ పాకినా, మింగలేకపోయినా, నోరు తెరవలేకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వేడి కాపడం పెట్టొద్దు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసి ఊరుకోవద్దు. పుచ్చు అట్లాగే ఉంటే వాపు మళ్ళీ వస్తుంది. లవంగ నూనె పెద్దవాళ్ళకు అలవాటే, చిన్నపిల్లల చిగురుకు పట్టిస్తే కాలి పొక్కుతుంది. అప్పటికప్పుడు పాప బరువుకు తగ్గ పారాసిటమాల్ చాలు.

ప్రశ్న: మా బాబుకు రెండున్నరేళ్ళు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడమని మీరు ఇంతకుముందు రాశారు. మా అమ్మగారిది నల్లగొండ. ఫ్లోరైడ్‌తో వంగిపోయిన మనుషులను చూసి పెరిగాను. ఆ పేరు వింటేనే టెన్షన్. ఫ్లోరైడ్ లేని ఆయుర్వేద పేస్టు వాడితే కాదా? – హనుమకొండ నుంచి ఒక తల్లి

జవాబు: మీ భయం నాకు అర్థమవుతుంది. నల్లగొండ చూసినవాళ్ళకు ఆ భయం లేకపోతేనే ఆశ్చర్యం. కానీ అక్కడి కథ పేస్టు కథ కాదు, నీళ్ళ కథ. రాళ్ళలోంచి ఫ్లోరైడ్ కరిగిన బోరు నీళ్ళను పుట్టినప్పటి నుంచీ రోజూ తాగడం, ఆ నీళ్ళతోనే వండుకోవడం. తాగే నీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన దేశపు ప్రమాణం. వాళ్ళు దానికి ఎన్నో రెట్లు ఎక్కువున్న నీళ్ళు తాగారు. మన వైపు కూడా కొన్ని ఊళ్ళ బోర్లలో ఎక్కువే ఉంటుంది. మీది బోరు నీళ్ళైతే ఒకసారి పరీక్ష చేయించండి. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు నదుల నుంచి, చెరువుల నుంచి వచ్చేవి కాబట్టి ఆ భయం తక్కువ.

పేస్టులోది పన్ను పైన పని చేయాలి, కడుపులోకి పోకూడదు. అందుకే కొలత. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత. మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. టీవీ యాడ్‌లో బ్రష్ పొడవునా అలలుగా వేస్తారు చూడండి, అది పేస్టు అమ్ముకునే కొలత. బియ్యపు గింజంత మింగినా ఏమీ కాదు. ట్యూబు వెనక వెయ్యి పీపీఎం అని ఉన్నది తీసుకోండి. ట్యూబు మాత్రం పిల్లాడి చేతికి అందనీయకండి. స్ట్రాబెర్రీ రుచని పిండుకుని తింటారు. ఈ వయసులో లోపల అసలు ముందు పళ్ళకు పింగాణీ పొర తయారవుతుంటుంది, రోజూ మింగితే వాటి మీద తెల్ల మచ్చలు పడతాయి. తోమాక ఉమ్మేయిస్తే చాలు, చెంబెడు నీళ్ళు పుక్కిలించి ఉన్న మందు కూడా కడిగేయకండి.

ఆయుర్వేద పేస్టుతోనూ పళ్ళు శుభ్రమవుతాయి, కానీ పుచ్చు ఆపే మందు ఫ్లోరైడ్. మీ బాబు తీపి తినడం లేదంటే వాదించను. తింటాడు కదా? బొగ్గు పొడి పేస్టులు మాత్రం పిల్లలకు వద్దు, పాలపన్ను పొర పలచన, గీరుకుపోతుంది. వేపపుల్ల మా నాన్న డెబ్బై ఏళ్ళు వాడాడు. కానీ రెండున్నరేళ్ళ నోట్లో వెనక దవడ దాకా పుల్ల ఎట్లా తిప్పుతాం?

ప్రశ్న: మహబూబాబాద్ దగ్గర మా ఊరి సంతల ఒకాయన పొగ పెట్టి మా బిడ్డ పంటిల నుంచి పురుగులు తీసిండు. నాలుగు పురుగులు కండ్లార చూసినం. నొప్పి రెండు రోజులు తగ్గి మళ్ళ మొదలైంది. ఇంకా పురుగులు మిగిలినయా?

జవాబు: పురుగులు అసలే లేవమ్మా. ఆ పొగలో వేసేది వాకుడు కాయ గింజలు. వేడికి గింజ పగిలి లోపలి మొలక తెల్లటి దారంలా బయటికి వస్తుంది, అదే మీరు చూసిన పురుగు. పంటి లోపల ఉన్నవి మామూలు కంటికి కనపడని సూక్ష్మజీవులు. ఇంకోసారి పొగ పెట్టించకండి, పిల్ల నోరు కాలుతుంది. ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: బ్రష్ చేద్దామంటే మా మూడేళ్ళ పిల్ల నోరు తెరవదు. తనే చేసుకుంటానని గుంజుకుంటుంది. ఏం చేయాలి? – కాజీపేట

జవాబు: ముందు తనను చేసుకోనివ్వండి, తర్వాత మీ వంతు. ఆ వయసు పిల్ల బ్రష్ నమలగలదు గానీ తోమలేదు. పలక మీద గీత దాటకుండా రాయడం బాగా కుదిరేదాకా, అంటే ఏడెనిమిదేళ్ళ దాకా, రెండో వంతు పెద్దవాళ్ళదే.

ఎదురుగా నిలబడి చేస్తే కుదరదు. మీరు చాప మీద కూర్చుని, పేలు చూసినట్టు పిల్ల తల మీ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకోండి. ఎడమ చేత్తో పెదవి ఎత్తండి, కుడి చేత్తో చిన్న బ్రష్, చిగురు దగ్గర చిన్న చిన్న చుట్లు. వెనక దవడల పైభాగం మరిచిపోవద్దు. రెండు నిమిషాలు చాలు. ఆమెకిష్టమైన పాట ఒకటి పూర్తిగా పాడండి. ఏడిస్తే ఇంకా మంచిది, నోరు తెరుచుకుంటుంది. (మా అత్తగారికి ఈ మాట నచ్చలేదు.) పొద్దున ఒకసారి తప్పిపోయినా క్షమిస్తాను, రాత్రిది మాత్రం తప్పొద్దు. జ్వరం సిరప్, దగ్గు సిరప్ కూడా చాలావాటిలో చక్కెర ఉంటుంది, రాత్రి వేస్తే తర్వాత నీళ్ళు తాగించి పళ్ళు తుడవండి.

ప్రశ్న: నేను ములుగు జిల్లాలో అంగన్‌వాడీ టీచర్‌ను. మా సెంటర్లో ఇరవై మంది పిల్లలు. సగం మందికి పళ్ళు పుచ్చే ఉన్నాయి. చిన్నపిల్లలకు మేమిచ్చే బాలామృతం పొడిలో చక్కెర ఉంది కదా, ఆపమని తల్లులకు చెప్పాలా? డాక్టర్ లేని చోట మేం చేయగలిగేది ఏమిటి?

జవాబు: టీచరమ్మా, బాలామృతం ఆపమని ఒక్కరికీ చెప్పకండి. ఆ వయసు బిడ్డకు బరువు ముఖ్యం. గిన్నెలో కలిపి ఒకసారి కూర్చోబెట్టి తినిపించి నీళ్ళు తాగించమనండి, పొడి చేతిలో పోసి రోజంతా నాకించొద్దనండి. సెంటర్లో గుడ్డు, అన్నం, పప్పు ఎట్లాగూ పెడుతున్నారు, వాటితో పళ్ళకు ఏ గొడవా లేదు. పుట్టినరోజులకు చాక్లెట్లు తెచ్చే తల్లిదండ్రులతో మాత్రం మీరు మాట్లాడాలి. అరటిపండు తెమ్మనండి, అన్నం తిన్నాక పంచండి.

మీరు చేయగలిగేది ఒకటుంది, దానికి డాక్టర్ అక్కర్లేదు. నెలకోసారి బరువు తూచే రోజున పిల్లలను బయట వెలుగులో నిలబెట్టి పై పెదవి ఎత్తి చూడండి. చిగురు పక్కన తెల్ల గీత, గోధుమ రంగు మచ్చ, గుంట, చిగురు మీద పొక్కు. ఏది కనిపించినా పేరు పక్కన రాసుకోండి. పిల్లల ఆరోగ్యం పరీక్షించే సర్కారు బృందం, అదే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు, సెంటర్‌కు వచ్చినప్పుడు ఆ కాగితం వాళ్ళ చేతిలో పెట్టండి. పళ్ళ జబ్బులు వాళ్ళు చూడాల్సిన జాబితాలో ఉన్నవే, చెప్పకపోతే తొందరలో బరువు, ఎత్తు చూసి వెళ్ళిపోతారు. పొక్కు ఉన్న బిడ్డను మాత్రం వాళ్ళు వచ్చేదాకా ఆపకండి.

తల్లుల నోళ్ళు కూడా చూడండి. తల్లి చెంచా నాకి రుచి చూసి అదే చెంచాతో బిడ్డకు పెడుతుంది, కొరికి ముక్క చేసి పెడుతుంది. ఆమె నోట్లోని సూక్ష్మజీవులు అట్లా బిడ్డ నోట్లోకి చేరతాయి. ముద్దులు మానమని ఎవరూ అనరు, తన పుచ్చుపళ్ళు తను బాగుచేయించుకోమనండి.

సెంటర్లో బ్రష్‌లు పెట్టుకునే ఆలోచన ఉంటే అన్నీ ఒకే డబ్బాలో వేయకండి. ఒకదానికొకటి తగలకుండా వేర్వేరుగా నిలబెట్టాలి. అక్షరాలు రాని పిల్లలు కదా, బ్రష్ పిడికి రంగు దారం కడితే ఎవరిది వాళ్ళు పట్టుకుంటారు. మా క్లినిక్‌లో ఎర్ర దారం కోసం రోజూ కొట్లాటే, ఎర్రది కాస్త ఎక్కువ కొనండి.